మంత్రసాని చీరపై పులసల పటం

వేలాపురి మూడో రాజకుమారుడు మకరాంకుడు రాజ్యం కోసం ప్రాణమైనా ఇస్తానని నిండుసభలో ప్రమాణం చేశాడు గాని, మీసం ఇస్తానని ఎక్కడా అనలేదు. అయినా ఆ మీసం ఇప్పుడు శంఖినీ నది ఒడ్డున జమ్ముదుబ్బుల మధ్య రాలిపడి చీమలకు కాలక్షేపంగా ఉంది.

“కదలకండి బాబయ్యా! ఎడంపక్క ఇంకొంచెం మిగిలింది. కదిల్తే మీసంతో పాటు ముక్కు కూడా పోద్ది,” అంది నూకాలు, చేపలు కోసే కత్తిని అరచేతికి రుద్దుతూ.

“ఆ కత్తితో పొద్దున ఏం కోశావు?”

“బొచ్చెలు. ఏం, వాసనొస్తందా?”

రాకుమారుడు పెదాలు బిగించాడు. నోరు తెరిస్తే పొలుసు లోపలికి పోయేలా ఉంది.

నూకాలుది ఏటిమొగ. శంఖిని సముద్రంలో కలిసేచోట ఉన్న లంక ఊరు. నలుగురు పిల్లల తల్లి. పడవ చిన్నది, నోరు పెద్దది. వానకారు మొదలైన దగ్గర్నుంచి రాకుమారుణ్ణి తన పడవలో వేసుకుని ఏళ్ళూ వాగులూ తిప్పుతోంది. ఆయనగారికి ఈత రాదని తెలిసిన రోజున మాత్రం అరపూట నవ్వి, ఆ తర్వాత నడుముకో తాడు కట్టింది.

ఇంత తిప్పలు ఎందుకొచ్చాయంటే, అంతా తాతల పుణ్యం. శంఖిని దిగువ వేలాపురిది, ఎగువ కొండలు గండశైల రాజ్యానివి. రెండు రాజ్యాల తాతలు హద్దు కోసం కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయి, చివరికి ఆ పనిని ఒక చేపకు అప్పగించారు. మనిషి గీసిన హద్దును మనిషి చెరిపేస్తాడు, చేప ముందు ఎవరి పెత్తనం సాగుతుంది అని వాళ్ళ ధీమా. పులస సముద్రంలో కాపురం చేస్తుంది. నదికి ఎర్రనీరు రాగానే కడుపుతో ఉన్న ఆడపడుచులా పుట్టింటికి బయల్దేరి, ఏటికి ఎదురీది, తాను పుట్టిన మడుగు వెతుక్కుని గుడ్లు పెడుతుంది. పులస పురుడు పోసుకున్న నీరు వేలాపురిది, పులస ఎక్కని నీరు గండశైలానిది. ఇదీ ఒప్పందం. తరానికొకసారి పులసలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీసి, శ్రావణ పున్నమినాడు నది మధ్య ఇసుకతిన్నె మీద ఇద్దరు రాజుల ఎదుటా పరచాలి.

ఆ పని నెత్తిన పడేనాటికి పెద్దన్న సేనను పట్టుకున్నాడు, రెండో అన్న కోశాగారాన్ని పట్టుకున్నాడు. గుర్రమెక్కితే గుర్రానికే జాలివేసే మకరాంకుడికి కుంచె మిగిలింది. కాని ఒక్క మాట ఒప్పుకోవాలి. నీటిని చూసి బొమ్మ గీయడంలో అతని చెయ్యి అబద్ధమాడదు. ఎక్కడ సుడి ఉందో, ఎక్కడ గులకరాళ్ళ పడక ఉందో, ఎక్కడ పులస ఆగిందో, ఎక్కడ వెనక్కి తిరిగిందో అన్నీ గీశాడు. నూకాలు వల వేసేది, చేప కడుపు తడిమి గుడ్లున్నాయో లేదో చెప్పేది, మళ్ళీ నీళ్ళలో వదిలేసేది. పుస్తెలమ్మయినా పులస తినాలనే ఊళ్ళో పుట్టి, చేతికొచ్చిన పులసనల్లా వదిలేయడం కన్నా పెద్ద తపస్సు ఏ ముని చేశాడో చెప్పండి!

శంఖినికి మూడు ఉపనదులు. గవ్వల ఏరు అయింది, చింతల ఏరు అయింది. ముక్కెర ఏరు మిగిలింది. చిక్కంతా అక్కడే ఉంది. అది గండశైలం పాలైతే దాన్ని కొండకు అవతలివైపు మళ్ళించడానికి వాళ్ళు రాళ్ళు కూడా పేర్చి పెట్టుకున్నారు. ఆ ఏరు తప్పితే ఎండాకాలం శంఖినిలో నీరుండదు. నీరు లేని నదిలోకి సముద్రం ఎక్కివస్తుంది. ఏటిమొగ బావులు ఉప్పుబారిపోతాయి, ఊరు మూట కట్టుకుని లేచిపోవాలి. రాకుమారుడికి అది పటంలో ఒక గీత. నూకాలుకు పిల్లలు తాగే నీళ్ళు.

గండశైలం వాళ్ళు వెర్రివాళ్ళు కారు. ఎర్రనీరు దిగీదిగగానే పొలిమేర మూసేశారు. పిట్ట పోవాలన్నా పేరు చెప్పి పోవాల్సిందే. ఒక్క మంత్రసానిని మాత్రం ఏ కాపలావాడూ ఆపకూడదని అక్కడ కట్టుబాటు. అందుకే ఈ మీసం బలి.

పటాన్ని చుట్టచుట్టి తీసుకుపోతే పట్టుబడతామని మకరాంకుడు దాన్ని చీర మీదే గీశాడు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ తెల్లని నేతచీర. పమిట చెంగు దగ్గర సముద్రం, అక్కణ్ణుంచి ఒంటిచుట్టూ తిరిగే శంఖిని, కుచ్చిళ్ళలోకి పాయలు. కరక్కాయ నలుపుతో గీసిన గీతలు, పులస గుడ్లు పెట్టిన చోటల్లా ఒక చిన్న ఎర్రచేప. చూసినవాళ్ళు అద్దకం అనుకుంటారు. నీళ్ళలో ముంచినా రంగు పోదు.

“ఇంద, నెత్తిన ఈ సవరం పెట్టుకుని సిగ చుట్టుకో. ఇకనించి నువ్వు మాణిక్యమ్మవి, నేను నీ తోడొచ్చిన మరదల్ని,” అంటూ నూకాలు అతణ్ణి ఎగాదిగా చూసింది. “పర్లేదొదినా. చీకట్లో చూస్తే మా పెద్దత్తలాగే ఉన్నావు.”

పడవ ముక్కెర ఏరు శంఖినిలో కలిసే మొగకు చేరేసరికి ఇద్దరికీ నోట మాట రాలేదు. నూకాలుకు మాట రాకపోవడం ఆ ఏడాదికి అదే మొదలు.

ఏటి మొగలో నీరు నిలబడి ఉంది! ప్రవహించడం లేదు, పడడం లేదు, తాటిచెట్టంత ఎత్తున అద్దపు గోడలా నిలుచుని ఉంది. గోడ లోపల రొయ్యలూ నాచుపోగులూ ఆకులూ ఎక్కడివక్కడ బిగుసుకున్నాయి. ఎండ దానిమీద పడి ఏడు రంగులుగా విరిగి, కొండచరియల మీద నెమలిపింఛాలు పరిచినట్టుంది. ఆ గోడ అడుగున, ఎర్రనీటిలో, వందలాది పులసలు. వెండి పళ్ళేలు ఒకదాని మీదొకటి దొర్లించినట్టు వచ్చి గోడకు తగిలి, వెనక్కి పడి, మళ్ళీ వచ్చి తగులుతున్నాయి. కొన్నిటి మూతులు చితికిపోయాయి. గుడ్లు బరువై కొన్ని పక్కకు ఒరిగిపోతున్నాయి.

“గుమ్మం దాకా వచ్చిన కడుపుతో ఉన్నదాన్ని తలుపేసి కొడతారా? ఆళ్ళ నోట్లో మన్ను పడ!” అంది నూకాలు. కళ్ళు తుడుచుకుంది గాని దాచుకోలేదు.

“జలస్తంభనం,” అన్నాడు మకరాంకుడు. “ఇది గండశైలం మాంత్రికుడు జటాఘోరుడి పని. వాడు ఏ మంత్రం వేసినా జడలో ముడి వేస్తాడని విన్నాను. ముడి ఉన్నంత కాలం మంత్రం ఉంటుంది.”

“అయితే ఆడి జుట్టు పీకితే సరి.”

అంత తేలికైన పని కాదని చెప్పేలోగానే ఒడ్డు మీంచి ఈటెలు మెరిశాయి. డజను మంది భటులు బిలబిలమని దిగారు.

“ఎవుర్రా అది? ఏటి సేత్తన్నారిక్కడ?”

నూకాలు పడవలో లేచి నిలబడింది. “మంత్రసానులం బాబూ! మా ఒదిన మాణిక్యమ్మ. ఏ కాన్పయినా చిటికెలో చేసేస్తది.”

అంత గొప్ప చెప్పకుండా ఉండాల్సింది. భటనాయకుడి ముఖం చేటంత అయింది. “ఓలమ్మ! దేవుడు పంపినట్టొచ్చినావు తల్లీ! మా కోట దొరసానికి పొద్దున్నుంచి నొప్పులు. ఏరు కట్టీడంతో పడవ రాక మా మంత్రసాని ఆవల చిక్కడిపోనాది. పల్లకీ! పల్లకీ తెండి!”

మకరాంకుడు కుడితిలో పడ్డ ఎలుకలా నూకాలు వైపు చూశాడు. ఆమె చెవిలో ఊదింది: “మంత్రసానితనం ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, ఇంకేదొచ్చినా పట్టాలి. ఎక్కండి.”

బోయీలు పరుగు లంకించుకున్నారు. పల్లకీ ఎగిరి పడుతూ, బండలు దాటుతూ, తీగల వంతెన మీద ఊగుతూ కొండ ఎక్కింది. సవరం ఒకసారి ఎడమ చెవి మీదికి, ఒకసారి కుడి చెవి మీదికి జారింది. లోయలోకి చూసిన మకరాంకుడు తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి, తెలియనివాళ్ళకు కూడా కబురుపెట్టాడు.

ముక్కెర కోట నల్లరాతి కొండ కొమ్మున గద్దగూడులా ఉంది. బురుజుల మీద ఇత్తడి గంటలు, గోడలకు చిరుతపులి చర్మాలు, ప్రతి స్తంభానికీ కోరలు చాచిన సింహం. కాని ఆ రోజు సింహాలను తప్ప అన్నిటినీ తెరిచేశారు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పెట్టెల మూతలు లేవు, కుండల మీద మూకుళ్ళు లేవు. ఆవులు పలుపులు విప్పేసి ఉంటే పూలతోట మేస్తున్నాయి. భటుల తలపాగాలు విప్పించారు, మొలతాళ్ళు వదులు చేయించారు. అందుకని కోట సైన్యమంతా ఒక చేత్తో ఈటె, ఒక చేత్తో పంచె పట్టుకుని నిలబడి ఉంది.

“పురిటింట ముడి ఉండకూడదు. మూత ఉండకూడదు. మా కొండల ఆనవాయితీ,” అంటూ ఎదురొచ్చింది ఒక ముసలావిడ. కోటదొర భైరవమల్లుడి తల్లి మాచలదేవి. నడుం వంగింది గాని గొంతు వంగలేదు. “అన్నీ విప్పించినాను. అయినా నొప్పులు వొచ్చినట్టే వొచ్చి ఆగిపోతన్నాయి. ఎక్కడో ఏదో ముడి మిగిలిపోనాది. సూడమ్మా, మాణిక్యమ్మా, నీకు దండం పెడతాను.”

గదిలో తెరకు అవతల దొరసాని కుముదిని మూలుగుతోంది. నూకాలు కొంగు బిగించి, మళ్ళీ ఆనవాయితీ గుర్తొచ్చి వదులుచేసి, తెర అవతలికి పోయింది. పని ఆవిడది. పెద్ద మంత్రసాని తలదగ్గర కూర్చుని ధైర్యం చెప్పాలని పేరుపెట్టి మకరాంకుణ్ణి తెరకు ఇవతలే కూలేసింది. తెర సందులోంచి ఒక చెయ్యి వచ్చి అతని చేతిని పట్టుకుంది. ఆ పట్టుకు రాకుమారుడి కళ్ళముందు నక్షత్రాలు కనిపించాయి. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవిడ నొక్కింది, నొక్కినప్పుడల్లా ఇతను అరిచాడు.

కిటికీలోంచి కింద కోట కందకం కనిపిస్తోంది. ముక్కెర ఏటి నీరే అందులోకి వస్తుంది. ఏరంతా బిగుసుకుపోవడంతో వచ్చేది నిలిచిపోయి, అడుగున గులకరాళ్ళ మీద జానెడు నీరు మిగిలింది. అది చూసిన మకరాంకుడి బుర్రలో దీపం వెలిగింది.

“అవ్వగారూ!” అన్నాడు గొంతు సన్నం చేసి. “కుండ మూత తీయించారు, ఆవు పలుపు విప్పించారు. కోట ముందు ఏరంతా కట్టేసి ఉంటే ఇక్కడ పురుడు ఎలా వస్తుందండీ? అంతకన్నా పెద్ద ముడి ఈ కొండల్లో ఇంకోటుందా?”

మాచలదేవి ముఖం ఎర్రబడింది. “ఓరి జడలోడా! నీ పిండం కాకులు తిన! భైరవా!”

భైరవమల్లుడు గుమ్మంలోకి వచ్చాడు. ఆరడుగుల మనిషి, పులిని వట్టి చేతుల్తో చంపినవాడు, భార్య మూలుగు విని చంటిపిల్లాడిలా వణుకుతున్నాడు. “అమ్మా, అది రాజాజ్ఞ. పెదనాన్నగారు పున్నమి దాకా ఏరు విడవొద్దన్నారు...”

“మీ పెదనాన్నకేటి, పురిటినొప్పులా? నా దువ్వెన తే. ఆముదం బుడ్డి తే.”

ఆ తర్వాత జరిగింది గండశైల చరిత్రలో ఏ కవీ రాయడు, రాస్తే రాజుగారు ఊరుకోరు. బురుజు మీద పులితోలుపై కూర్చుని, వీరజటలు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే, కళ్ళు మూసి హుంకరిస్తున్న జటాఘోరుణ్ణి మాచలదేవి వెనకనుంచి వెళ్ళి జుట్టు పట్టుకుంది. ఆరుగురు దాసీలు కాళ్ళూ చేతులూ పట్టుకున్నారు. ఆముదం నెత్తిమీద బుడ్డితో సహా బోర్లించారు.

“దూరం! దూరం! భస్మం చేస్తాను! నేను ఎవరనుకున్నా... అబ్బా! మెల్లగా!”

“నోర్మూసుకో. మీ అమ్మ నీకు ఏనాడన్నా తల దువ్విందా?”

మొదటి ముడి వీడింది. అందులో బంధించిన సుడిగాలి ఒకటి బుస్సుమని లేచి, భటుల పంచెలు ఎత్తుకుపోయింది. రెండో ముడిలోంచి ఎప్పుడో మూడేళ్ళ కిందట పడాల్సిన పిడుగు పడింది. మూడో ముడి వీడగానే, పెరట్లో గుమ్మడిపాదుకు వేలాడుతున్న పెద్ద గుమ్మడికాయ టప్పున పగిలి, పాత మంత్రిగారు బయటపడి, “సభ మొదలైందా?” అన్నాడు. ఒక ముడిలో గబ్బిలాలు, ఒక ముడిలో ఎవరిదో దొంగిలించిన గొంతు, అది బయటపడి పాడుకుంటూ కొండ దిగిపోయింది. మరో ముడిలో మంత్రం ఏమీ లేదు, వట్టి పేలు.

జటాఘోరుడు విడిపోయిన పాయను చేతిలోకి తీసుకుని మళ్ళీ ముడివేయబోయాడు. ఆముదానికి జారిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. ముల్లోకాలను వణికించిన మాంత్రికుడు వెక్కివెక్కి ఏడ్చాడు.

మెడ దగ్గర, అన్నిటికన్నా అడుగున, పిడికెడంత ముడి ఒకటి. మాచలదేవి పంటితో పట్టి లాగింది.

కొండలు దద్దరిల్లాయి. ఏటి మొగన నిలుచున్న నీటిగోడ నడుం విరిగినట్టు ముందుకు వంగి, ఒక్కసారిగా కూలింది. ఎర్రని నురగ లోయంతా పొర్లింది. ఆ నురగలో, ఆ హోరులో, నీరు కిందికి దిగుతుంటే పులసలు పైకి ఎక్కాయి. రాళ్ళ సందుల్లో వెండితీగలు సాగినట్టు, వెన్నెల ముక్కలై ఎదురీదినట్టు, తోసుకుంటూ, దొర్లుకుంటూ ముక్కెర ఏరంతా నిండిపోయి వచ్చాయి. కోట కందకంలోకి మలుపు తిరిగాయి. సరిగ్గా పురిటిగది కిటికీ కింద, గులకరాళ్ళ పడక మీద పొట్టలు ఆనించి, తోకలు వణికించి, గుడ్లు విడిచాయి.

మకరాంకుడికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంత సంతోషం అతనికి పట్టాభిషేకమైనా కలిగేది కాదు. ఎలాగూ కాదు, మూడోవాడు కదా. ఎడమ చెయ్యి దొరసాని పట్టులోనే ఉండగా, కుడిచేత్తో బొడ్లోంచి కుంచె తీసి, మోకాలి మీది కుచ్చిలిలో ముక్కెర ఏటి కొసన చిన్న ఎర్రచేపను దించాడు. పటం పూర్తయింది.

అదే క్షణాన తెర అవతల కెవ్వుమని ఏడుపు వినిపించింది.

“ఆడపిల్ల!” అంది నూకాలు. “బంగారుతల్లి! పాత గుడ్డ తెండి, పాత గుడ్డ!”

పుట్టిన బిడ్డకు తొలిగుడ్డ పాతది కావాలి. ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ. కొత్తది చుట్టకూడదు, పట్టు అసలే తగలకూడదు. దాసీలు పరుగులు తీశారు. కోటలో పట్టు ఉంది, జరీ ఉంది, చీనాంబరం ఉంది, చిరుతపులి తోలుంది. పాత నూలుగుడ్డ మాత్రం మందుకైనా లేదు. ఆముదం చేతులతో తిరిగొచ్చిన మాచలదేవి గదంతా కలియజూసి, మకరాంకుడి దగ్గర ఆగింది.

“వద్దవ్వా!” అన్నాడతను.

“ఏటమ్మా వద్దు? నీకు పట్టుచీర పెడతాను.”

“అవ్వా, ఇది మా అత్తగారి గుర్తు...”

ముసలావిడ చెంగు పట్టుకుని ఒక్క లాగు లాగింది. రాకుమారుడు బొంగరంలా మూడు చుట్లు తిరిగి, సవరం ఒకవైపు, తాను ఒకవైపు పడ్డాడు. ఒంటిమీద మోకాళ్ళదాకా పంచె మిగిలింది, ఛాతీ మీద వెంట్రుకలు మిగిలాయి.

దాసీలు గొల్లుమన్నారు. భైరవమల్లుడి కత్తి ఒరలోంచి వచ్చింది. నూకాలు మాత్రం ఎవరినీ చూడకుండా ముందు బిడ్డను ఆ చీరలో చుట్టేసింది. పచ్చిబిడ్డకు చలి, మిగతావాళ్ళ గొడవ తర్వాత.

“ఎవడ్రా నువ్వు?” కత్తిమొన మకరాంకుడి గొంతు మీద ఆనింది.

“వాణ్ణేమీ అనకండి,” అంది తెర అవతల్నుంచి కుముదిని నీరసంగా. “పొద్దుటినుంచీ వాడి చెయ్యే పట్టుకున్నాను. నా కన్నా వాడే ఎక్కువ అరిచాడు. ఆ అరుపు ఆడదానిది కాదని నాకెప్పుడో తెలుసు.”

దొర కత్తి దించి బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. ముఖం చూశాడు, కరిగిపోయాడు. తర్వాత గుడ్డ చూశాడు. బిడ్డ వీపు మీద శంఖిని, చంక కింద గవ్వల ఏరు, పొట్ట మీద చింతల ఏరు. గుండె మీద ముక్కెర ఏరు, దాని కొసన ఇంకా తడి ఆరని ఎర్రచేప. భైరవమల్లుడి ముఖంలో రంగు పోయింది.

“పులసల పటం! నువ్వు వేలాపురి వాడివి! ఇది పున్నమికి చేరితే ఈ ఏరు పోతుంది. ఏరు పోతే పెదనాన్న నా తల తీస్తాడు. విప్పండి ఆ గుడ్డ!”

ఎవరూ కదలలేదు. కుముదిని తెర పక్కకు లాగి లేచి కూర్చుంది. జుట్టు చెదిరి, ముఖం పాలిపోయి ఉంది. కళ్ళు మాత్రం నిప్పులు.

“నువ్వే విప్పు. పుట్టి ఘడియ కాలేదు, నీ చేత్తోనే విప్పు. నాది దిగువన వేలాపురి ఊరే కదా? ఏడో నెలలో మా నాన్న పడవ పంపితే పొలిమేర మూసి ఉందని రేవులోంచే తిప్పి పంపారు మీరు. తొలికాన్పుకు పుట్టింటికి పోలేదు నేను. అమ్మ పక్కన లేకుండా కన్నాను. చేపకు కట్టిన గోడ నాకు కూడా కట్టారని ఒక్కరోజైనా తోచిందా నీకు?”

భైరవమల్లుడు తలవంచుకున్నాడు. “తోచింది,” అన్నాడు. “చెప్పడానికి ధైర్యం చాల్లేదు.”

“అయితే విను. తెల్లారగానే నేను పుట్టింటికి పోతున్నాను. బిడ్డ నాతో వస్తుంది. బిడ్డ తొలిగుడ్డ పురుడు వెళ్ళేదాకా తీయకూడదు, అది బిడ్డతో వస్తుంది. పడవ ఈ అన్న వచ్చినదే. పున్నమి తిన్నె దారిలోనే ఉంది.”

“ఈ అన్న” అనేసరికి మకరాంకుడు నేల మీది సవరం ఏరుకుని గబగబా నెత్తిన పెట్టుకున్నాడు. 

తెల్లవారింది. కోట వెనక ఎండలో జటాఘోరుడు కుంకుడుకాయ నురగలో తల రుద్దుకుంటున్నాడు. జుట్టు జిడ్డు వదిలి ఆరిందంటే మళ్ళీ ముడి వేస్తాడు, ఏరు మళ్ళీ లేచి నిలుచుంటుంది. అందుకని ఒకటే తొందర. మొగ దగ్గర ఒడ్డెక్కించిన నూకాలు పడవను రాత్రికి రాత్రే భటులు కోట రేవుకు మోసుకొచ్చారు. మాచలదేవి కోడలికి నడికట్టు బిగించి, పడవలో మెత్తలు పరిపించి, మాట తప్పకుండా మకరాంకుడికి పట్టుచీర కట్టించింది. దారిలో కాపలావాళ్ళు ఉంటారు కదా, మళ్ళీ మాణిక్యమ్మ కాక తప్పలేదు.

భైరవమల్లుడు రేవుమెట్ల మీద కత్తి దూసి నిలుచున్నాడు. ఆపుతాడా, నరుకుతాడా అని భటులు చూస్తున్నారు. అతను నీళ్ళలోకి చూశాడు. పులసలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

“పడవలో ఇంకొకరికి చోటుందా?” అన్నాడు చివరికి.

నూకాలు పడవ తోసే గెడ ఆనించి అతణ్ణి తూకం వేసింది. “ఉంది గాని బరువెక్కువవుద్ది దొరా. ఆ కత్తి ఒడ్డున పడేసి రండి.”

కత్తి మెట్ల మీద ఠంగుమంది. దొర పడవెక్కాడు. పడవ ఒక పక్కకు ఒరిగి, తిట్టుకుంటున్నట్టు కిర్రుమని, సర్దుకుని, వరదలో పడి దిగువకు దూసుకుపోయింది. సుడులు వచ్చాయి, నూకాలు తిట్టి దాటించింది. కాపలా బురుజు వచ్చింది. దొరను చూసి భటులు దండం పెట్టారు, మాణిక్యమ్మను చూసి కన్ను కొట్టారు. నీటిగోడ కూలిన మొగ దాటి పెద్దనదిలో పడేసరికి మకరాంకుడు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు వినిపించాయి డప్పులు. మలుపు తిరిగి, నదికి అడ్డంగా, గండశైలం జెండాలతో రాజనావలు ఎదురొస్తున్నాయి. నావ ముక్కున బంగారు గండభేరుండం, రెండు వైపులా నలభై తెడ్లు.

“మనకోసమే,” అన్నాడు మకరాంకుడు. “పట్టుకోడానికి వచ్చారు.”

“కాదు,” అన్నాడు భైరవమల్లుడు.  “ఆ మొదటి నావలో చూడు. చందనపు ఊయల. రాత్రే పున్నమి తిన్నె దగ్గరి విడిదికి గుర్రం మీద శుభవార్త పంపాను, తండ్రినయ్యానన్న సంతోషంలో. పెదనాన్న బిడ్డను చూడడానికి వస్తున్నాడు.”

పారిపోవడానికి నది ఆ వెడల్పు లేదు. రాజనావ వచ్చి చిన్నపడవ పక్కన ఆనింది. కొండంత మనిషి, గండశైలాధీశుడు ఉద్దండవర్మ, మెడలో పూలదండలతో అంచు మీదికి వంగాడు. శత్రువులు అతని పేరు వింటే చస్తారని ప్రతీతి. పసిపిల్లలు కనిపిస్తే మాత్రం అతనికి ఒళ్ళు తెలియదు.

“ఓరి భైరవా! పచ్చిబాలింతను తీసుకుని ఎక్కడికిరా? ఆ మాట తర్వాత చెబుదువు గాని, ఏదీ నా మనవరాలు? ఇలా ఇయ్యండి!”

“పెదనాన్నా, పసిబిడ్డ... గాలి తగలకూడదని...”

“నేను గాలినట్రా?” రాజు రెండు చేతులూ చాచాడు.

నూకాలు గెడ బిగించి పట్టుకుంది. మకరాంకుడు పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకున్నాడు. దొర కళ్ళు మూసుకున్నాడు. కుముదిని ఒక్కతే ఏ తడబాటూ లేకుండా కదిలింది. చలిగాలికని లోపలివైపు మడిచిన గుడ్డ అంచులను విప్పి, గీతలన్నీ పైకి వచ్చేలా బిడ్డ చుట్టూ తిరిగి చుట్టింది. లేచి నిలబడి, బిడ్డను ఎత్తి రాజు చేతుల్లో పెట్టింది.

“తీసుకోండి మామయ్యగారూ. ముఖం తర్వాత చూద్దురు గాని, ముందు గుడ్డ చూడండి. మీరు కట్టించిన ఏరు విడిచాకే ఇది పుట్టింది, ఆ పటం వద్దనుకుంటే మీ చేత్తోనే విప్పండి.”

డప్పులు ఆగిపోయాయి. ఉద్దండవర్మ చూపు బిడ్డ పాదాల దగ్గర ఉన్న సముద్రంలో మొదలై, శంఖిని వెంట మెల్లగా ఎగువకు ఎక్కసాగింది.